పెద్దమ్మ ఎక్కడుంటుంది?

ఆ ఆఫీసులో ఆమెను అందరూ కొత్తమ్మాయి అనే పిలిచేవారు. వయసు ముప్పై ఎనిమిది. ఇంట్లో పదేళ్ల కూతురు, కణతల దగ్గర దాచినా దాగని నాలుగు తెల్లవెంట్రుకలు. అయినా సరే, చేరి మూడు నెలలు నిండనివాళ్లు అక్కడ కొత్తమ్మాయో కొత్తబ్బాయో అయి తీరాల్సిందే. మూడు నెలలూ నిండాక యజమాని పిలిచి ‘ఉండండి’ అంటే ఉండటం, ‘చూద్దాం’ అంటే సంచి సర్దుకోవడం. ఆమె గడువు ఈ శుక్రవారంతో తీరుతుంది. ఇవాళ మంగళవారం.

పదకొండేళ్లు ఇంటిపట్టున ఉండి మళ్లీ ప్రోగ్రాములు రాయడానికి వచ్చిన మనిషి ఆమె. ఇంటర్వ్యూకి వెళ్లిన ప్రతిచోటా ‘మధ్యలో ఈ పదకొండేళ్లూ ఏం చేశారండీ?’ అని అడిగేవారే. పిల్లను పెంచానని చెబితే, అదేదో మంచంమీద కాళ్లు చాపుకుని చేసే పనైనట్టు తలాడించేవారు. ఆ ప్రశ్న వేయనిది ఇక్కడి యజమాని ఒక్కడే. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఆ ప్రశ్నల వరుసలో నిలబడటం తన వల్ల కాదని ఆమెకు బాగా తెలుసు.

ఆఫీసంటే టైర్ల దుకాణం మీద రెండు గదులు. ఏడుగురు మనుషులు. ఎండ ముదిరేకొద్దీ నేలలోంచి రబ్బరు వాసన పైకి వస్తుంది. చిన్న చిన్న క్లినిక్కులకు ప్రోగ్రాములు తయారుచేస్తారు, ఇంటర్నెట్ ఉన్నా ఊడినా కంప్యూటర్‌లో కూర్చుని తన పని తాను చేసుకుపోయే రకం. ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక జంతువుల క్లినిక్కు పని.

ఆ ప్రోగ్రాంలో అరడజను విండోలు, కొన్ని అన్ని క్లినిక్కులకూ వాడే పాతవి, కొన్ని ఈ క్లినిక్కు కోసం కొత్తగా రాసినవి. ఒకదాంట్లో వచ్చినవాళ్ల క్యూ కనిపిస్తుంది. ఒకదాంట్లో కుక్కదో పిల్లిదో బరువు ఎక్కిస్తారు. ఇంకొకటి ఆ బరువును బట్టి మందు మోతాదు చెబుతుంది, మరొకటి మందుల చీటీ ముద్రిస్తుంది. అన్నిటికీ కావలసిన కబురు ఒకటే కాబట్టి, దేని లెక్క అది రాసుకోకుండా మధ్యలో ఇంటిపెద్దలాంటి ఒక కోడ్ ముక్కను కూర్చోబెట్టారు. ఏ విండోకు ఏం కావాలన్నా అక్కడికే వెళ్లి అడగాలి, ఏం మారినా అక్కడికే వెళ్లి చెప్పాలి. పుస్తకాల భాషలో దాన్ని షేర్డ్ కంట్రోలర్ అంటారు. ఆ ఆఫీసులో మాత్రం ఇరవై ఏళ్లుగా దాని పేరు పెద్దమ్మ.

ఆ పేరు పెట్టింది చీటీ మాస్టారు. అరవై రెండేళ్ల మనిషి, ఆ ఆఫీసులో మొట్టమొదటి లైను రాసినవాడు. కత్తెర ఎక్కడుందో, ఎవరికి జ్వరం తగిలిందో, ఎవరు ఎవరిమీద అలిగారో ఇంట్లో ఒక్క పెద్దమ్మకే తెలిసినట్టు, ప్రోగ్రాంలో ఆవిడకే అన్నీ తెలుస్తాయని ఆయన వాదన. ఆయన్ను చీటీ మాస్టారు అనడానికి కారణం ఆయన బల్లమీది రేకు డబ్బా. ఎవరికి ఏ అనుమానం వచ్చినా నోటితో అడగకూడదు. చీటీమీద రాసి డబ్బాలో వేయాలి. నాలుగింటికి అందరూ టీ తాగేటప్పుడు ఆయన ఒక్కొక్క చీటీ తీసి, కళ్లజోడు సర్దుకుని, పైకి చదివి జవాబు చెబుతాడు. రాసేటప్పటికే సగం అనుమానం తీరిపోతుందని ఆయన నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. రాయడానికి జంకే వాళ్ల అనుమానం ఏమవుతుందో మాత్రం ఆయన ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు.

మంగళవారం పదకొండింటికి జంతువుల డాక్టరమ్మ మెట్లెక్కి వచ్చింది. ఎక్కిన ఊపులోనే అందుకుంది.

“నిన్న ఒక కుక్క వచ్చిందండీ. ఎత్తి బల్లమీద పెట్టబోతే నా నడుం పట్టేసింది. బయట అమ్మాయి బరువు చూసి ఇరవై ఒకటని ఎక్కించింది. లోపల నా తెరమీద మాత్రం పన్నెండు కిలోలకు సరిపడా మందు చూపిస్తోంది. పన్నెండు దాని కిందటేడాది బరువట!”

“ఒకసారి మూసి మళ్లీ తెరిచి చూశారా మేడం?” అన్నాడు యజమాని, అలవాటుగా.

“తెరిచాను. అప్పుడు సరిగ్గానే చూపించింది. కానీ ప్రతి కుక్కకూ మూసి తెరుస్తూ కూర్చుంటే నేను వైద్యం ఎప్పుడు చేయాలి? తక్కువ మోతాదు కాబట్టి సరిపోయింది. అదే బరువు తగ్గిన కుక్క అయితే?” అంది డాక్టరమ్మ. “గురువారం పొద్దున మళ్లీ వస్తాను. అప్పటికి బాగైతే సరే. లేదంటే నా పాత నోటుపుస్తకాలు అలమరాలోనే ఉన్నాయి.”

ఆమె విసవిసా మెట్లు దిగి వెళ్లింది. కొత్తమ్మాయికి గుండె గుభేలుమంది. మోతాదు విండో రాసింది తనే.

యజమాని మొదట ఆమె వంక చూశాడు. అంతలో క్యూ విండో రాసిన, అందరూ షార్ట్‌కట్ అని పిలిచే కుర్రాడు కుర్చీ ఇటు తిప్పాడు.

“విండోలో తప్పుంటే మూసి తెరిచినా తప్పే చూపించాలి కదా సార్. నన్నడిగితే పెద్దమ్మే సరిగ్గా కబురు అందించడం లేదు. ఇరవై ఏళ్ల నాటి కోడ్ మరి.”

యజమానికి ఆ మాట తీయగా తగిలింది. పెద్దమ్మను మార్చాలని ఆయనకు చాలాకాలంగా ఉంది. “నేనూ అదే అనుకుంటున్నాను. పెద్దమ్మకు వయసైపోయింది. డాక్టరమ్మను ఎలాగో సముదాయించి, వచ్చే వారం ఆవిడను తీసేసి కొత్తది పెట్టేద్దాం. మాస్టారూ, మీరు కూడా ఎన్నాళ్లని కష్టపడతారు? హాయిగా విశ్రాంతి తీసుకోండి.”

చీటీ మాస్టారు ఫ్లాస్కు మూత తీసి, అందులో ఏమీ లేదని చూసి, మళ్లీ పెట్టేశాడు. కొత్తమ్మాయి తల దించుకుని తన తెరలోకి చూస్తూ కూర్చుంది. తప్పు తన విండోది కాదని అందరూ అనుకున్నందుకు ఊపిరి పీల్చుకోవాలో, ఆ ఖాళీ ఫ్లాస్కును చూసి బాధపడాలో ఆమెకు తెలియలేదు. రెండూ చేసింది.

అయినా మనసొప్పక సాయంత్రం దాకా తన విండోలో తప్పు వెతికింది. కుక్క బరువు ఎక్కించి మోతాదు విండో తెరిస్తే సరిగ్గానే ఉంది. పిల్లితో చూసింది, కుందేలుతో చూసింది, తాబేలును కూడా వదల్లేదు. ఎంత చూసినా తప్పు దొరకలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లో పాలు లేవు.

“రాశానుగా!” అన్నాడు భర్త. “ఫ్రిజ్ పక్కన అంటించిన కాగితంమీద మొదటి మాటే అది.”

“పక్కనా? సరుకుల కాగితం ఫ్రిజ్ తలుపుమీద కదా ఉండేది?”

“తలుపుమీద కనిపించలేదు.”

కాగితం తలుపుమీదే ఉంది. దానిమీద కూతురు బడి నుంచి తెచ్చిన బొమ్మ అంటించడంతో అడుగున పడింది. కొత్తమ్మాయి దాన్ని చూసే బజారు చేసింది. ఆయన ఈ పక్కన ఇంకో కాగితం పెట్టుకుని, వారం రోజులుగా పాలూ, బల్బూ, బ్రెడ్డూ అని శ్రద్ధగా రాసుకుంటూ వచ్చాడు.

“కనిపించకపోతే నన్ను అడగొచ్చుగా? ఇంట్లో ఒక కాగితం ఉండగా ఇంకోటి ఎందుకు పెట్టారు?”

భర్త టవలు భుజంమీద వేసుకుంటూ నెమ్మదిగా అన్నాడు. “అడిగితే విసుక్కుంటావు. కళ్లెదుట ఉన్నది కూడా కనిపించదా అంటావు. దానికన్నా కొత్త కాగితం అంటించుకోవడం తేలికనిపించింది.”

“నేనెప్పుడు విసుక్కున్నాను?” అని విసుక్కుంది ఆమె. కూతురు కిసుక్కుమంది.

అంతలో ఆమె ఖాళీ పాలగిన్నె పట్టుకుని నిలబడిపోయింది. ఆ రెండు కాగితాల వంక చూసింది. తలుపుమీద ఒకటి, పక్కన ఒకటి. దేనికదే నిక్షేపంగా ఉంది. దేనిలోనూ తప్పు లేదు. ఒకదానిమీద రాసింది ఇంకొకదానికి తెలియదు, అంతే. చేరిన మూడో రోజు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. 

చేరిన రెండో రోజున ఆమె డబ్బాలో ఒక చీటీ వేసింది. ఏదో సెట్టింగు ఎక్కడుందని చిన్న అనుమానం. చీటీమీద పేరు రాయనక్కర్లేదు. కానీ అంత గుండ్రంగా, ఒత్తులన్నీ కుదురుగా రాసే మనిషి ఆ గదిలో మరొకరు లేరు. మాస్టారు చదవగానే షార్ట్‌కట్ నవ్వుతూ, “అది మొదటి రోజే తెలియాలి కదండీ!” అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్లు ఇంట్లో ఉండి వచ్చిన మనిషికి అలాంటి మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

మూడో రోజు మోతాదు విండో మొదలుపెట్టింది. పెద్దమ్మ కావాలి. ఉన్న పెద్దమ్మను పిలిచే లైను ఏమిటో, ఆవిడ ఏ ఫైల్లో ఉంటుందో తెలియదు. ‘పెద్దమ్మ ఎక్కడుంటుంది?’ అని చీటీ రాసింది కూడా. ముందురోజు నాలుగింటి నవ్వు తలుచుకుని, ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. వెతుక్కునే ఓపిక లేక, ‘కొత్త పెద్దమ్మను తయారుచెయ్యి’ అని ఒక లైను రాసింది. కంప్యూటర్ చూస్తే కిక్కురుమనకుండా తయారుచేసి ఇచ్చింది. తర్వాత సరిచేద్దాంలే అనుకుంది. ఆ తర్వాత పనిలో పడి ఆ సంగతే మరిచిపోయింది.

ఆఫీసుకు వెళ్లగానే, సంచి కూడా దించకుండా ఆ ఫైలు తెరిచింది. లైను అక్కడే ఉంది, పక్కన ఆమె పొడి అక్షరాలతో సహా. ఆ కొత్త పెద్దమ్మ, మోతాదు విండో తెరుచుకున్న క్షణాన ఫైల్లో ఉన్న బరువులన్నీ చదువుకుని, తలుపులు వేసుకుని కూర్చుంటుంది. బయట బరువు మారితే అసలు పెద్దమ్మకే తెలుస్తుంది. ఈవిడ దాకా ఎవరూ వచ్చి చెప్పరు. తను పరీక్షించినప్పుడల్లా ముందు బరువు ఎక్కించి ఆ తర్వాతే విండో తెరిచింది. క్లినిక్కులో పొద్దుట తెరిచిన విండోను సాయంత్రం దాకా మూయరు.

అసలు పెద్దమ్మను పిలిచే లైను వెతకడానికి పది నిమిషాలు పట్టింది. తన లైను కొట్టేసి అది రాసింది. మోతాదు విండో తెరిచి ఉంచి, ఈవలి విండోలో కుక్క బరువు మార్చింది. మోతాదు టక్కున మారింది. మళ్లీ మార్చింది. మళ్లీ మారింది.

ఇక ఊరుకుంటే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. గురువారం డాక్టరమ్మ వస్తుంది, అంతా బాగుంటుంది, శుక్రవారం యజమాని ‘ఉండండి’ అంటాడు. వచ్చే వారం మాస్టారు ఫ్లాస్కు పట్టుకుని ఇంటికి వెళ్లిపోతాడు. చెబితే మాత్రం, మూడు నెలల గడువు తీరడానికి రెండు రోజుల ముందు, కుక్క ప్రాణం మీదికి తెచ్చిన లైను నాదేనని యజమాని ముందు ఒప్పుకున్నట్టు. మళ్లీ ఆ పదకొండేళ్ల ప్రశ్న. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూసేసింది. నాలుగు కావడానికి పావుగంట ఉందనగా చీటీ తీసుకుని, ఎప్పటికంటే గుండ్రంగా రాసి, కింద పేరు కూడా రాసి, డబ్బాలో వేసింది.

టీలు వచ్చాయి. మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు.

“‘పెద్దమ్మ ఉండగా, ఎక్కడుందని అడగడానికి సిగ్గుపడి, మోతాదు విండోలో నేను ఇంకో పెద్దమ్మను పెట్టుకున్నాను. బరువు అందకపోవడానికి కారణం అదే. పెద్దమ్మ తప్పేమీ లేదు. ఈ పొద్దున సరిచేశాను.’” ఆయన కింద ఉన్న పేరు చదవలేదు. చదవాల్సిన అవసరమూ లేదు.

యజమాని టీ కప్పు నోటిదాకా తీసుకెళ్లి ఆపేశాడు. షార్ట్‌కట్ ఏదో అనబోయి మానేశాడు. కొత్తమ్మాయి సంచి సర్దడానికి ఎంతసేపు పడుతుందా అని ఆలోచిస్తోంది.

“మంచి చీటీ. కానీ ఇందులో ప్రశ్న లేదు,” అన్నాడు మాస్టారు. “ప్రశ్న నేనడుగుతాను. ఇంకో పెద్దమ్మను పెట్టుకోబోతే కంప్యూటర్ మిమ్మల్ని ఎందుకు ఆపలేదు?”

ఆయనే జవాబు చెప్పాడు.

“నేను ఆపమనలేదు కాబట్టి. ఇరవై ఏళ్ల కిందట ఈ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఉన్నది ఒక్కణ్ణయితే తలుపుకు గడియ ఎందుకనుకున్నాను.”

ఆయన తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పెద్దమ్మ ఫైలు తెరిచి ఒక్క మాట మార్చాడు. ఇకమీదట పెద్దమ్మను ఎవరూ తయారుచేయడానికి వీల్లేదు, ఉన్నావిడను పిలవాల్సిందే. ఎవరైనా కొత్తావిడను తయారుచేయబోతే ప్రోగ్రాం అసలు తయారవదు, ఆ లైను దగ్గరే ఎర్రగీత పడుతుంది. మీట నొక్కి, అందరితో పాటు తనూ తెర వంక చూశాడు. కొత్తమ్మాయి తన లైను అప్పటికే మార్చేసింది కాబట్టి ఎర్రగీత ఒక్కటి కూడా పడకూడదు.

మూడు పడ్డాయి.

“ఒకటి ఎప్పుడో మానేసిపోయిన ఆయనది,” అని చదివాడు మాస్టారు. “రెండోది క్యూ విండోలో.”

అందరూ షార్ట్‌కట్ వైపు తిరిగారు. అతను నాలుక కరుచుకున్నాడు. “అదీ... చీటీ రాసి, నాలుగింటి దాకా ఆగి, అదంతా ఎందుకని... క్యూలో పేర్లు అప్పుడప్పుడు పాతవే కనిపిస్తుంటే, ‘మళ్లీ చూడు’ అని ఒక బటన్ కూడా పెట్టాను.”

“ఆ బటన్ దీనికోసమా!” అంది కొత్తమ్మాయి, ఉండబట్టలేక.

“మూడోది ప్రింటు విండోలో,” అన్నాడు మాస్టారు.

కింద దుకాణంలో టైరులోకి గాలి కొడుతున్న చప్పుడు పైకి వినిపించింది. ప్రింటు విండో ఎవరు రాశారో తెలియనివాళ్లు ఆ ఆఫీసులో లేరు. చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజే యజమాని గర్వంగా చెప్పుకునే సంగతి అది. ఎనిమిదేళ్ల కిందట ఒక్క మధ్యాహ్నంలో, ఎవరినీ ఒక్క మాట అడగకుండా, తనే స్వయంగా రాశాడని. ముద్రించిన చీటీలో పాత వివరాలే వస్తున్నాయని ఎనిమిదేళ్లుగా ఫోన్లు చేస్తున్న వాళ్లందరికీ ‘మూసి మళ్లీ తెరవండి’ అని జవాబు చెబుతున్నదీ ఆయనే.

యజమాని తేలు కుట్టిన దొంగలా టీ తాగాడు. కప్పు అయిపోయాక కూడా ఇంకో రెండు గుక్కలు తాగాడు.

నవ్వాలని అందరికీ ఉంది. నవ్వనిది మాస్టారు ఒక్కడే. ఆయన రేకు డబ్బాను దగ్గరికి లాక్కుని దాంట్లోకి చూస్తున్నాడు. “వీళ్లకు పెద్దమ్మ ఎక్కడుంటుందో తెలియకపోవడం ఒక్కటే కాదు,” అన్నాడు నెమ్మదిగా. “నన్ను అడగాలంటే భయం. నలుగురిలో చదువుతానని. ఇందులోకి వచ్చిన చీటీలన్నిటికీ జవాబు చెప్పానని మురిసిపోయానే గానీ, రాని చీటీల సంగతి నాకు తట్టనే లేదు.”  కొత్తమ్మాయి లేచి వచ్చింది. హ్యాండ్‌బ్యాగు అడుగున తడిమి, నాలుగు మడతల చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. విప్పి చదువుకున్నాడు. పెద్దమ్మ ఎక్కడుంటుంది?

“రేపటినుంచి లేచి వచ్చి నోటితోనే అడగండమ్మా,” అన్నాడు. డబ్బాలో పెన్సిళ్లు వేసుకున్నాడు.

గురువారం డాక్టరమ్మ కుక్కతో సహా వచ్చింది. దాన్ని మెట్లు ఎక్కించలేక ఇద్దరు కింది నుంచి నెట్టారు. బరువు ఇరవై రెండుకు మార్చగానే పక్క తెరమీద మోతాదు మారింది. మార్చిన ప్రతిసారీ మారింది. “తప్పెక్కడుంది?” అని ఆమె అడిగితే, యజమాని నోరు తెరవకముందే “నా దగ్గరండీ,” అంది కొత్తమ్మాయి. డాక్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “ఎవరినడిగినా కంప్యూటర్ తప్పంటారు. నా దగ్గరని చెప్పిన మనిషిని మిమ్మల్నే చూశాను. నోటుపుస్తకాలు పాతసామాన్లవాడికి వేసేస్తానులెండి,” అంది.

యజమాని ఆ రోజు ఏమీ అనలేదు. శుక్రవారం పొద్దున కూడా అనలేదు. మధ్యాహ్నం అనలేదు. నాలుగింటికి టీ కప్పులు వెళ్లిపోయాయి. కొత్తమ్మాయి కాలు కాలిన పిల్లిలా నీళ్ల కూజా దగ్గరికి అయిదుసార్లు వెళ్లి వచ్చింది. అయిదూ పది అయ్యాక సంచి బల్లమీద పెట్టి, కూతురి ఫొటో తీసి అందులో పెట్టబోతుంటే, యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

“అదీ... ప్రింటు విండోలోంచి అసలు పెద్దమ్మను పిలవాలంటే ఏ లైను రాయాలండీ?”

ఆమె చెప్పింది. ఆయన అరచేతిలో రాసుకున్నాడు.

“ఇంతేనా?”

“ఇంతేనండి.”

“ఎనిమిదేళ్లు!” అని ఆయన తల కొట్టుకున్నాడు. వెళ్లబోతూ ఆగాడు. “మాస్టారికి విశ్రాంతి అన్న మాట నేను వెనక్కి తీసుకున్నాను. ఆయనకు చెప్పాను కూడా. ఇది ఇవాళ మార్చి పెడతాను, సోమవారం రాగానే మీరొకసారి సరిచూడండి.”

సోమవారం. ఆ మాట చెవిన పడి లోపలికి వెళ్లడానికి ఆమెకు కాసేపు పట్టింది. చేతిలోని కూతురి ఫొటోను ఎప్పుడూ ఉండే చోట మళ్లీ పెట్టింది. 

అప్పుడే ఫోను మోగింది. భర్త.

“పనిలో ఉన్నావా? ఏం లేదు, దుకాణం ముందు నిలబడ్డాను. కాగితం తీసుకురావడం మరిచిపోయాను. కొత్తది రాసుకుందామనుకుని, మళ్లీ వద్దులే, నిన్నే అడుగుదామని...”

కళ్లెదుట ఉన్నది కూడా కనిపించదా అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“పాలు, బల్బు,” అంది నవ్వుతూ. “ఇంకేం అడగాలన్నా అడగండి. నేనిక్కడే ఉంటాను.”